వాకిలి తిప్పిన గుడారం

మన ఉపాధ్యాయుల పత్రిక జూన్ సంచికలో నేను రాసిన సముద్రతీర యాత్ర చదివి మీలో చాలామంది నవ్వుకున్నారు. నవ్వించాలనే రాశాను. గుడారం కూలిన చోట నేను వేసిన ‘నాయుడుపేట కుట్టు, గాలేస్తే ఫట్టు’ అన్న మాట మన స్టాఫ్ రూముల్లో ఇప్పటికీ తిరుగుతోందని తెలుసు. ఆ మాట అబద్ధం. కుట్టు పోలేదు. అందుకే అదే ప్రయాణాన్ని మళ్ళీ మొదటినుంచీ చెబుతున్నాను. దోసెలు, చేపలు, గాలి అప్పుడు రాసినట్టే ఉంటాయి. నా గురించి రాసుకున్నది మారుతుంది. మొదటిసారి విసుగు లేకుండా చదివిన వాళ్ళు ఇది కూడా చదవాలని నా మనవి.

నాయుడుపేట

వేసవి సెలవుల్లో అందరం కలిసి రెండు రోజులు సముద్రం ఒడ్డున ఉండి వద్దామన్న ఆలోచన నాదే. అందరం అంటే ఏడుగురం. నేను, నా భార్య సుజాత, మా అమ్మాయి దివ్య, వెంకటాచలం దగ్గర పల్లెలో వరి సాగు చేసే సుజాత అన్న రమణయ్య బావ, ఆయన భార్య పద్మ, వాళ్ళ ఆరేళ్ళ చిన్ని, మా అత్తమ్మ.

మొదట ఫోన్లో రెడీమేడ్ గుడారాలు చూశాను. ఎనిమిది మందికి సరిపోతుందని రాసి ఉంటుంది గానీ, కొలతలు చూస్తే ఆ ఎనిమిది మందీ తమలపాకుల కట్టలా ఒకరి మీద ఒకరు సర్దుకోవాలి. పైగా లోపలికి వంగి దూరాలి. అత్తమ్మ మోకాళ్ళు వంగవు. ఆమె నిలబడి లోపలికి నడిచేటంత ఎత్తున్న గుడారం కావాలి. నైలాన్ గుడ్డలో ఏప్రిల్ ఎండకు ఉడికిపోతామని దివ్య అన్నది.

“ఫోన్లో యేంది బావా వెతికేది? మస్తాను కుట్టిస్తాడు పద” అన్నాడు రమణయ్య బావ. బావ వాళ్ళ ఊళ్ళో కోతల కాలంలో వడ్ల రాశుల మీద కప్పే పట్టలన్నీ మస్తాన్ భాయ్ కుట్టినవే. బావ తండ్రి కాలంలో మస్తాన్ భాయ్ తండ్రి కుట్టేవాడట. గుడ్డ చినిగినా కుట్టు వీడదని ఆ ఊళ్ళో పేరు.

నాయుడుపేటలో మార్కెట్టు వెనక సందులో ఆయన కొట్టు. ముందు కారం దోసె తిన్నాం, నలభై రూపాయలు. నెల్లూరు దోసె కంటే ఎర్రగా ఉంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్టులో రెండు కుట్టు మిషన్లు, గోడకు ఆనించిన గుడ్డ తానులు, నూనె వాసన. మస్తాన్ భాయ్‌కి యాభై అయిదు ఉంటాయి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఎందరు పడుకుంటారు, ఎక్కడ వేస్తారు అని రెండే ప్రశ్నలు అడిగాడు. సముద్రం ఒడ్డున అనగానే సుద్దముక్క తీసి నేల మీద బొమ్మ గీశాడు.

“ముందు ఏడడుగులు, ఎనక మూడడుగులు పెడతాను సార్. పైకప్పు చాట మాదిరిగా ఎనక్కి వాలతాది. అమ్మగారు నిలబడే లోపలికి పోవచ్చు.”

“వెనక అంత పొట్టిగా ఎందుకు?” అన్నాను.

“గుడారం ఆవు లాంటిది సార్. గాలీ వానా వస్తే ఆవు యేం చేస్తాది? వీపు తిప్పుకుంటాది. దీనికి గూడా అంతే. వీపు సముద్రానికి, మొహం ఊరికి. ఈ ఒక్కటీ మర్చిపోవద్దు.”

తర్వాత ఎనిమిది ఖాళీ గోనె సంచులు కట్టి ఇచ్చాడు. ఇసుకలో ఇనుప మేకులు నిలవవట. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతిపెడితే ఏనుగొచ్చి లాగినా రావట. గుడారానికి పద్దెనిమిది వేలు తీసుకున్నాడు. సంచులు ఊరికే ఇచ్చాడు. “మీ గుడ్డ పాతబడేదాకా నా కుట్టుకు నాదే పూచీ. పోతే తీసుకరాండి” అన్నాడు.

జూన్‌లో రాసినప్పుడు ఆవు మాట రాయలేదు. సంచుల మాట అసలే రాయలేదు.

కుప్పం

మల్లాం మీదుగా వాకాడు దాటి, సరుగుడు తోటల మధ్య ఇసుక బాటలో చివరిదాకా వెళితే ఒక చిన్న కుప్పం, అంటే జాలర్ల పల్లె, వస్తుంది. పేరు రాయను. మొదటిసారి పేరు రాసి మరీ వాళ్ళను వెక్కిరించాను.

వెక్కిరించింది దేనికంటే, ఆ కుప్పంలో ఒక్క ఇంటికీ తూర్పు వాకిలి లేదు. మా నెల్లూరులో తూర్పు వాకిలి ఇల్లంటే అద్దె కూడా ఒక వెయ్యి ఎక్కువ. ఇక్కడ ఎదురుగా సూర్యుడు, సముద్రం ఉంటే ఇళ్ళన్నీ వాటికి వీపు పెట్టి ఊరివైపు చూస్తున్నాయి. ‘లక్ష్మి వచ్చే దారికి గోడ కట్టుకున్న అమాయకులు’ అని రాశాను. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

మేము చేరేసరికి సాయంత్రం నాలుగైంది. గాలి జోరుగా ఉంది. ఎండు చేపలు తట్టలోకి ఎత్తుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది. పేరు పోలమ్మ.

“యాడ నించి సారూ? సర్కసా?” అన్నది ఇనుప గొట్టాల మోపు చూసి.

“సర్కసే మే. ఈయనే జంతువు” అని బావ నన్ను చూపించాడు. అందరం నవ్వాం.

పోలమ్మే చోటు చూపించింది, అలల పోటు చేరని మిట్ట. మస్తాన్ భాయ్ చెప్పినట్టే చేశాం. సంచుల్లో ఇసుక నింపడం చిన్నికి ఆట. బావ గుంటలు తవ్వాడు, నేను తాళ్ళు కట్టాను, సుజాత, పద్మ గుడ్డ పట్టుకున్నారు. పొట్టి వైపు సముద్రానికి. వాకిలి ఊరివైపు, సరుగుడు తోటకు ఎదురుగా. ముప్పావుగంటలో గుడారం లేచింది. గాలి దాని వీపు మీదుగా జారి వెళ్ళిపోతోంది. లోపల దీపం పెట్టినా వత్తి కదలడం లేదు. అత్తమ్మ తలెత్తుకొని లోపలికి నడిచింది. “కల్యాణ మండపం మాదిరిగా ఉండాదే!” అన్నది.

రెండు వందలకు పోలమ్మ ఒక గంప కానాగంత చేపలు ఇచ్చి, పైన గుప్పెడు కొసరు వేసింది. మామిడికాయ వేసి పులుసు పెట్టుకున్నాం. మా ఇంట్లో పులుసు మర్నాటికి గానీ రుచి రాదంటారు. అక్కడ గిన్నె దించకముందే సగం అయిపోయింది. ఆ రాత్రి ఏడుగురం హాయిగా నిద్రపోయాం. అంత గాలిలో ఒక్క తాడూ సడలలేదు.

ఈ మొదటి రాత్రిని కూడా జూన్‌లో రాయలేదు. రాస్తే కథ నిలబడదు.

రెండో రోజు పొద్దున

ముందురోజు సాయంత్రం నేను స్టాఫ్ గ్రూపులో పెట్టిన గుడారం ఫోటోకి పొద్దున్నే జవాబులు వచ్చాయి. మన లెక్కల మాస్టారు ఒకరు, ‘సముద్రం ఎక్కడ సార్? సరుగుడు తోపులో పడుకోవడానికి అంత దూరం పోయారా?’ అని రాశారు. దాని కింద నవ్వే బొమ్మలు పదకొండు. లెక్క పెట్టాను.

ఆయన తప్పేమీ లేదు. సరదాకి అన్నారు. నాకు మాత్రం టీ చేదుగా అనిపించింది. వాకిలి తెరిస్తే సముద్రం కనిపించాలి, ఆ వాకిట్లో మా కుటుంబం కూర్చుని ఉండాలి, ఆ ఫోటో గ్రూపులో పడాలి. నాకు కావలసింది అదీ.

అప్పుడు గాలి లేదు. ఆకు కదలడం లేదు. “తిప్పేద్దాం బావా” అన్నాను.

“మస్తాను వీపు అటు పెట్టమన్నాడు గదా?”

ఫోటో కోసమని చెప్పడానికి సిగ్గేసింది. కాబట్టి ఇంకా సిగ్గుమాలిన పని చేశాను. “పడమటి వాకిలి బావా. అత్తమ్మ రాత్రంతా పడమటి వాకిట్లో పడుకుంది. ఈ వయసులో ఆమెకు మంచిది కాదు. తూర్పుకి తిప్పితే మనసుకు నెమ్మది” అన్నాను. వాస్తు మీద నాకు నమ్మకం లేదు. తరగతిలో పిల్లలకు వాస్తు గురించి పరాచికాలాడేవాణ్ణి నేనే. బావకు నమ్మకం ఉంది, అమ్మ మీద ప్రేమ ఉంది. ఆ రెండూ నాకు తెలుసు కాబట్టే ఆ మాట అన్నాను. బావ లేచాడు. పార తీసుకొని పాతిన సంచులు తవ్వడం మొదలుపెట్టాడు.

రెండు గంటల చాకిరీ. అందరి చేతులూ బొబ్బలెక్కాయి. అత్తమ్మ తోపు నీడలో కూర్చుని చూస్తోంది. ఆమెను ఎవరమూ ఏమీ అడగలేదు. వాకిలి తెర కిందికి జారకుండా పైకి చుట్టి నేనే గట్టి ముడులు వేశాను, ఫోటోలో వేలాడకూడదని. ఫోటో బాగా వచ్చింది. మీరందరూ చూశారు.

పోలమ్మ అటుగా పోతూ ఆగింది. “ఇదేంది సారూ, ఇట్ట తిప్పినారు? అన్నాల యాళకు సముద్రం గాలి లేస్తాది.”

“కాసేపే లే అవ్వా” అన్నాను.

“గాలి మీ కాసేపు చూసుకొని వస్తాదా?” అని నవ్వుకుంటూ వెళ్ళింది.

అన్నాల వేళ

ఎండలో నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తే, సముద్రం మీది చల్లగాలి ఆ చోటుకి వస్తుంది. ఇది నేను ఎనిమిదో తరగతికి ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న పాఠం.

ఒంటిగంటకు గాలి మొదలైంది. రెండుకు బలిసింది. అన్నాలు తిని అత్తమ్మ, చిన్ని గుడారం లోపల వెనకవైపు నడుం వాల్చారు. సుజాత వాకిలి దగ్గర కూర్చుని సాయంత్రానికి మామిడికాయలు తరుగుతోంది. ఒక్కసారిగా పెద్ద గాలి వచ్చింది. చాటను గాలికి ఎదురుగా పట్టినట్టు గుడారం నిండిపోయింది. పైకప్పు ఉబ్బి డప్పులా మోగుతోంది. ముందు గొట్టాలు వంగుతున్నాయి. ఇసుక సంచులు ఒక్కటీ కదల్లేదు. కుట్టు ఒక్క పోగు వదల్లేదు. మస్తాన్ భాయ్ చేసింది ఏదీ ఓడిపోలేదు. అందువల్లే లోపలి గాలికి పోయే దారి లేదు.

బావ బయటికి ఉరికి ముందు తాడు పట్టుకున్నాడు. అటునుంచి పోలమ్మ అరుస్తూ పరిగెత్తి వస్తోంది. “వాకిలి మూయండయ్యా! తెర దించండి, తెర!”

నాకు స్పష్టంగా వినిపించింది. తెర దించితే సరిపోయేది. అది నా ముడులతో పైన బిగిసి ఉంది. రెండుసార్లు లాగాను, రాలేదు. సుజాత చేతి పక్కనున్న కత్తి తీసుకొని, బయటినుంచి గుడారం వెనక్కి పరిగెత్తి, పొట్టి గోడ పైన, కుట్టుకు వేలెడు దూరంలో గుడ్డను నా చేయంత పొడవున కోసేశాను.

గాలి బుస్సుమని వెనకనుంచి పోయింది. ఆ కుదుపుకు ముందు గొట్టం ఒకటి జారి, గుడ్డతో సహా లోపల పడింది. అత్తమ్మ చిన్నిని తనకింద దాచుకుంది. గొట్టం ఆమె మోచేతికి తగిలింది. చిన్ని ఏడుపు, పద్మ కేకలు, అందరం కలిసి వాళ్ళను బయటికి లాగాం. దెబ్బ పెద్దది కాదు. కమిలి, వారం రోజులు నల్లగా ఉంది.

బావ రొప్పుతూ వెనకవైపుకి వచ్చాడు. చినిగిన గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. “యేమైంది బావా?”

ఆ ఒక్క క్షణం నాకు దొరికింది. ‘నేనే కోశాను’ అంటే అయిపోయేది. ప్రాణాలకోసం కోశానని అందరూ అర్థం చేసుకునేవాళ్ళు. కానీ ఎందుకు కోయాల్సి వచ్చింది అంటే వాకిలి మాట వస్తుంది, వాకిలి మాట వస్తే ఫోటో మాట వస్తుంది.

“కుట్టు పోయింది బావా” అన్నాను. అంటూనే అక్కడే పడేసిన కత్తిని కాలితో ఇసుకలోకి తొక్కాను.

బావ ముఖం చిన్నబోయింది. తనవాడు చేసిన తప్పులా తలవంచుకున్నాడు. “మస్తాను ఇట్ట చేస్తాడనుకోలేదే” అన్నాడు.

సుజాత చుట్టూ చూసి, “కత్తి యాడ పెట్టినాను?” అన్నది.

పోలమ్మ ఇంట్లో

ఆ సాయంత్రం పోలమ్మ మమ్మల్ని తన ఇంటికి పిలిచింది. పడమటి వాకిలి. లోపలికి అడుగు పెడితే బయటి హోరు వినిపించలేదు. అత్తమ్మ చేతికి పసుపు, ఉప్పు కాచి పట్టు వేసింది. నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు, పలచటి చారు, సంగటి పెట్టింది. మా ఇళ్ళలో కొత్తవాళ్ళు వస్తే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతాం. ఆమె అన్నం తిన్నాక గానీ ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగింది కూడా నన్నే.

“సముద్రానికి ఎదురుగా నోరు తెరుచుకొని కూర్చుంటే గాలి గొంతులోకి పోదా సారూ?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున బయల్దేరుతుంటే ఆవిడ ఎండు నెత్తళ్ళ పొట్లం సుజాతకిచ్చి, నా చేతిలో కాగితం చుట్టిన ఇంకొకటి పెట్టింది. “మీ కత్తి సారూ. ఇసకలో ఉంటే పిల్లోళ్ళ కాళ్ళకు తగులుతాది.”

సుజాత ఆ కాగితాన్ని చూసింది, నన్ను చూసింది. దాన్ని నా చేతిలోంచి తీసుకొని తన సంచిలో పెట్టుకుంది.

తిరుగుదారి

నాయుడుపేట దగ్గర పడుతుంటే బావ బండి ఆపమన్నాడు. “గుడ్డ మస్తానుకు చూపిచ్చి పోదాం. కుట్టుకు పూచీ అన్నాడు గదా.”

“పోనీలే బావా. పాపం, పెద్దాయన. గొడవెందుకు?” అన్నాను.

ఎంత మంచి మనసు అని పద్మ మెచ్చుకుంది. ఇది కూడా జూన్‌లో రాశాను, నా ఔదార్యానికి గుర్తుగా.

తర్వాత జరిగింది నేను ముందుగా ఊహించలేదు గానీ, ఊహించి ఉండాల్సింది. సంచిక వచ్చింది. ఆ ప్రాస మాట ఫోన్లలో ఎక్కింది. బావ ఊళ్ళో హైస్కూలు మాస్టారు ఒకాయన రచ్చబండ దగ్గర చదివి వినిపించాడట. రమణయ్య కళ్ళముందే చినిగిందటగా అని ఊరంతా నమ్మింది. ఎడగారు, అంటే రెండో పంట కోతలకు ఆ ఊళ్ళో పదిళ్ళవాళ్ళు మస్తాన్ భాయ్ దగ్గరికి పోలేదు. బజారులో దొరికే ప్లాస్టిక్ పట్టలు కొన్నారు. వాటి కింద వడ్లు చెమటపట్టి అడుగు బస్తాలు ముక్కిపోయాయి. మా బావవి కూడా. ఆ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు కూడా ఆయన నన్ను ఏమీ అనలేదు. కుట్టు మంచిదైతే ఈ ఖర్మ లేకపోను అని మస్తాన్ భాయ్‌నే అన్నాడు.

ఆ పూట ఫోన్ పెట్టేశాక సుజాత వంటింట్లోంచి వచ్చి నా ముందు ఆ కత్తి పెట్టింది. “దీంతో నేను ఆరు నెలలుగా కూరగాయలు తరగలేదు. మీరు గమనించినారా?” అన్నది. గమనించలేదు.

మళ్ళీ నాయుడుపేట

ఈసారి ఒక్కణ్ణే గుడారం మూట వేసుకొని వెళ్ళాను. కారం దోసె తినలేదు. కొట్టులో ఒక మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. రెండో మిషన్ మీద మస్తాన్ భాయ్ ఒక స్కూలు సంచికి జిప్పు వేస్తున్నాడు. కోతలకని ముందే తెచ్చిన తానులు ఆరు, విప్పకుండానే గోడకు నిలబడి ఉన్నాయి.

నన్ను గుర్తుపట్టాడు. “రాండి సార్. గుడ్డ తెమ్మని రమణయ్యన్నకు రెండుసార్లు కబురు పంపినాను” అన్నాడు.

మూట విప్పాడు. చినిగిన చోటు వెలుతురులోకి తెచ్చి, అంచు మీద బొటనవేలు నడిపాడు. పక్కనే ఉన్న కుట్టును రెండు చేతులతో గట్టిగా లాగి చూశాడు.

“ఇది చినిగింది కాదు సార్.”

“కాదు. నేనే కోశాను.”

“వాకిలి ఎటు పెట్టినారు?”

“తూర్పుకి.”

తలూపాడు. “లోపల అమ్మగారికి యేమీ కాలేదు గదా?”

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. తిడతాడనుకున్నాను. మోచేతికి తగిలిందని, మానిందని చెప్పాను. తప్పయిందని, ఏం చేయమంటే అది చేస్తానని, ముందు ఈ కోత కుట్టి ఇమ్మని అడిగాను.

అప్పుడు ఆయన గొంతు మారింది. “కుట్టను సార్.”

“మస్తాన్ భాయ్…”

“నాకెందుకు సార్ చెప్పేది? నా కుట్టు సంగతి నాకు తెలవదా? తెలవనోళ్ళకు చెప్పండి. నేను కుడితే ఈ కోత యాడుండాదో మీరు గూడా కనుక్కోలేరు. అప్పుడు నాకు సాక్ష్యం యేముంటాది? ఎవురెవురికి చెప్పినారో అందరికీ దీన్ని చూపిచ్చుకొని రాండి. ఆ తర్వాత తెండి, ఊరికే కుడతాను.”

మూట తానే కట్టి ఇచ్చాడు. కోసిన అంచు పైకి వచ్చేలా మడిచాడు.

చివరి మజిలీ

మరుసటి ఆదివారం బావ ఊరికి వెళ్ళాను. రచ్చబండ మీద గుడ్డ పరిచి, వచ్చినవాళ్ళందరికీ కోత, కుట్టు పక్కపక్కన చూపించాను. ఫోటో సంగతితో సహా చెప్పాను. ఒక పెద్దాయన కుట్టు లాగి చూసి, “ఇంత సదువుకొని, గుడ్డ కొయ్యను కత్తి, మనిషిని కొయ్యను కలమా పట్టినావు?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బావ లేచి ఇంటికి వెళ్ళిపోయాడు.

వెనకే వెళ్ళాను. అరుగు మీద అత్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బావ గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

“అమ్మ పేరు చెప్పి తిప్పిచ్చినావు గదా బావా” అన్నాడు, అంతే.

అత్తమ్మ చాట పక్కన పెట్టింది. “పడమటి వాకిలైతే యేంది నాయనా? ఆ రాత్రి నేను నిద్రపోయినంత హాయిగా ఈ ఇంట్లో గూడా యేనాడూ పోలేదు. తిప్పేముందు నన్నొక మాట అడగరాదా?”

ఆమె పక్కన కూర్చుని ఆ బియ్యంలో రాళ్ళు ఏరాను.

ఊళ్ళో చూపించాను. కుప్పానికి వెళ్ళి పోలమ్మకు చూపించాను. “నాకెందుకు సారూ, చూసిందాన్నే గదా” అన్నది. మిగిలింది మీరే. జూన్ సంచిక చదివిన అందరికీ గుడ్డ పట్టుకు తిరగలేను, కాబట్టి ఇది రాశాను. గుడారం మా ఇంటి వసారాలో తాడు మీద వేలాడుతోంది. అనుమానమున్న వాళ్ళు ఎవరైనా వచ్చి చూడొచ్చు. కోత పొడవు నా చేయంత. దానికి వేలెడు దూరంలో మస్తాన్ భాయ్ కుట్టు ఉంది. పట్టుకొని ఎంత బలంగా లాగుతారో లాగండి.